మాక్‌కే: గంగిరెద్దు తలూపితే నమ్మకండి

బెంగళూరు బెళ్ళందూరులో ఒక డెలివరీ యాప్ టీములో పని చేస్తున్నాను. ఆండ్రాయిడ్ యాప్, రాసేది కోట్లిన్ భాషలో. యూనిట్ టెస్టుల్లో, అంటే కోడ్‌లో ఒక్కో ముక్కని విడిగా పరీక్షించేటప్పుడు, పక్క ముక్కల బదులు నకిలీలు పెడతాం. వాటినే మాక్‌లు అంటారు. అవి తయారుచేసే మాక్‌కే లైబ్రరీ వాడబట్టి మూడేళ్ళు. అంటే ఇది మొదటి వారం మోజులో రాస్తున్న రివ్యూ కాదు.

అంతకుముందు ఇదే పనికి మోకిటో అనే లైబ్రరీ ఉండేది. మంచిదే, కానీ జావా కోసం పుట్టింది. కోట్లిన్‌లో ఓపెన్ అని రాయకపోతే ప్రతి క్లాసూ ఫైనలే, అంటే దాన్నించి ఇంకో క్లాసు పుట్టించలేం. పాత మోకిటో విడిగా సెట్ చేస్తే తప్ప ఫైనల్ క్లాసుల జోలికి వెళ్ళేది కాదు. 2023లో వచ్చిన ఐదో వెర్షన్ నుంచి ఆ బాధ తీరింది. అయినా 'ఏ విలువైనా సరే' అని చెప్పే దాని ఎనీ() నల్ (విలువే లేదని) ఇవ్వడం, కోట్లిన్ గగ్గోలు పెట్టడం ఉంటాయి కాబట్టి మోకిటో-కోట్లిన్ అని ఇంకో తోడు కావాలి. మాక్‌కేలో ఈ గొడవ లేదు. ఇలా పిలిస్తే ఇలా జవాబివ్వు అని మాక్‌కి నేర్పేది ఎవ్రీ. సస్పెండ్ ఫంక్షన్ (మధ్యలో ఆగి మళ్ళీ కొనసాగగలది) అయితే దాని బదులు కోఎవ్రీ అని రాస్తే చాలు.

దీని ఎర్రర్లు నాకు నచ్చుతాయి. "నో ఆన్సర్ ఫౌండ్ ఫర్" అని మొదలుపెట్టి ఏ మాక్‌ని, ఏ ఫంక్షన్‌ని, ఏ విలువలతో పిలిచారో చెప్తుంది. నేర్పని ప్రశ్న అడిగారు, జవాబు తెలీదు అంటోంది, అంతే. చాలాసార్లు మనం ఎవ్రీలో రాసిన విలువ ఒకటి, అసలు కోడ్ పంపింది ఇంకొకటి. నేను ఆ రెండింటినీ నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చూస్తాను. ఒకసారి తేడా ఒక్క స్పేస్! ఇంకోసారి రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి, కానీ అది డేటా క్లాస్ కాదు, రెండూ సమానమో కాదో లోపలి విలువలతో పోల్చే ఈక్వల్స్ ఎవరూ రాయలేదు. "మిస్సింగ్ కాల్స్ ఇన్‌సైడ్ ఎవ్రీ" అని వస్తే మాత్రం మీరు ఎవ్రీ లోపల పిలిచింది మాక్‌ని కాదేమో చూసుకోండి.

ఇక నా తప్పు చెప్తాను. ఈ ఎర్రర్లు పడలేక ఒక రోజు కూపన్ రిపాజిటరీ (కూపన్ల వివరాలు తెచ్చే క్లాసు) మాక్‌కి రిలాక్స్‌డ్ ఈక్వల్స్ ట్రూ అని పెట్టేశాను. అలా పెడితే మాక్ గంగిరెద్దు అయిపోతుంది. ఏమడిగినా తలూపుతుంది. అంకె అడిగితే 0, బూలియన్ అడిగితే ఫాల్స్, స్ట్రింగ్ అడిగితే ఖాళీ. స్క్రీన్‌కి వివరాలు అందించే వ్యూమోడల్‌లో నేను పొరపాటున సభ్యుల తగ్గింపు ఫంక్షన్‌ని పిలిచాను. మాక్ 0 ఇచ్చింది, మొత్తం సరిపోయింది, టెస్టు పచ్చగా వెలిగింది. శుక్రవారం సాయంత్రం సభ్యులు కానివాళ్ళకీ తగ్గింపు వెళ్తోందని తెలిసి రిలీజ్ వెనక్కి తీసుకున్నాం. రాత్రి పదకొండింటికి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఆటోలో కూర్చుని, రిలాక్స్ అన్న మాట మీదే కోపం వచ్చింది.

యూనిట్ (అంటే పనికొచ్చే విలువేమీ లేదని) తిరిగిచ్చే ఫంక్షన్లకి మాత్రమే రిలాక్స్‌యూనిట్‌ఫన్ ఉంది. అది వాడండి, పర్వాలేదు.

ఇంకో తలనొప్పి మా కర్నూలు జూనియర్ తెచ్చాడు. "అక్కా, నా టెస్టు ఒక్కటే రన్ చేస్తే పచ్చగా ఉంది, అన్నీ కలిపి నడిపితే ఎర్రగా ఉంది" అన్నాడు. మధ్యాహ్నమంతా వాడి ఫైల్లోనే వెతికాం. అసలు దొంగ వేరే ఫైల్లో ఉంది. ఎవరో టైమ్ ఆపడానికి మాక్‌కేస్టాటిక్ (అందరూ నేరుగా పిలిచే ఫంక్షన్‌నే నకిలీ చేసేది) పెట్టి, తియ్యడం మరిచారు. టెస్టులన్నీ ఒకే జేవీఎమ్‌లో (కోడ్‌ని నడిపే ప్రోగ్రాం) నడుస్తుంటే ఆ మాక్ తర్వాతి టెస్టుకీ అంటుకునే ఉంటుంది. ప్రతి టెస్టు అయ్యాక నడిచే ఆఫ్టర్‌లో అన్‌మాక్‌కేఆల్ ఒక్క లైను రాశాం, పోయింది.

"మెథడ్ డీ ఇన్ ఆండ్రాయిడ్ యుటిల్ లాగ్ నాట్ మాక్డ్" అని వచ్చినప్పుడు చాలామంది మాక్‌కేని తిడతారు, దాని తప్పేమీ లేదు. లాగ్ అంటే యాప్ సందేశాలు రాసిపెట్టే ఆండ్రాయిడ్ క్లాసు. ఫోన్ లేకుండా మన కంప్యూటర్లోనే నడిచే లోకల్ టెస్టులకి దొరికే ఆండ్రాయిడ్ జార్ ఫైల్లో ఫంక్షన్ల పేర్లే ఉంటాయి, లోపల సరుకుండదు. యాప్‌ని బిల్డ్ చేసే గ్రేడిల్‌లో రిటర్న్‌డిఫాల్ట్‌వాల్యూస్ ట్రూ పెడితే నోరు మూస్తుంది గానీ, అదీ గంగిరెద్దే. లాగ్‌ని మన సొంత ఇంటర్‌ఫేస్ వెనక దాచుకోవడం మేలు.

ఐదుకి నాలుగు స్టార్లు. ఉచితం, అపాచీ 2.0 లైసెన్స్. ఒక స్టార్ కోసింది రిలాక్స్‌డ్ అంత సులువుగా చేతికి అందుతున్నందుకు. ఇప్పుడు మా టీములో ఎవరి కోడ్‌లోనైనా అది కనిపిస్తే రివ్యూలో ఎద్దు బొమ్మ పెడతాను. మా కన్నడ లీడ్‌కి మొదట అర్థం కాలేదు. "కోలె బసవ, సార్" అన్నాక, ఆయనే నాకంటే ఎక్కువ పెడుతున్నారు.