సీటీసీలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్: బయోస్ చూడకుండా డబ్బులివ్వకండి

మా బావ కర్రీ పాయింట్‌కి ఆర్డర్లు తీసుకునే వెబ్ యాప్ ఒకటి చేసిపెడతానని మాటిచ్చా, నా 4 జీబీ ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిస్తేనే ఫ్యాన్ మొత్తుకుంటోంది, అందుకే పోయిన శనివారం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లా. మెట్రోలో వెళ్లండి, బండి పెట్టే చోటు వెతకడంలోనే ఓపిక అయిపోతుంది.

లోపల ఓ చిన్న షాపులో లెనోవో థింక్‌ప్యాడ్ తీసుకున్నా. 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, 26 వేలు చెప్పి 23కి ఇచ్చారు. కీబోర్డ్ కొత్తదానిలా ఉంది.

ఇంటికొచ్చి విండోస్ 11లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే ఉబుంటు లాంటి లైనక్స్ నడిపించేది) వేశా. ఒక్క కమాండ్, ఒక రీస్టార్ట్, అంతే పని. తీరా ఉబుంటు తెరిస్తే వర్చువలైజేషన్ (ఒక సిస్టమ్ లోపల ఇంకోటి నడపడానికి ప్రాసెసర్‌లో ఉండే సదుపాయం) ఆన్‌లో లేదని ఎర్రర్, అది లేకపోతే సాఫ్ట్‌వేర్లను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్ కూడా లేవదు. సరే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల మెనూ) ఆన్ చేద్దామని ఎఫ్1 నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది! ఏదో ఆఫీసులో వాడి వదిలేసిన మెషిన్, అక్కడి ఐటీ వాళ్లు పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోయింది. థింక్‌ప్యాడ్‌లో ఈ పాస్‌వర్డ్ తెలియకపోతే కంపెనీ చెప్పే దారి మదర్‌బోర్డు మార్చుకోవడమే, బోర్డు మీదుండే చిన్న సీమాస్ బ్యాటరీ పీకినా పాస్‌వర్డ్ పోదు.

సోమవారం సెలవు పెట్టి మళ్లీ వెళ్లా. కౌంటర్‌లో కుర్రాడు "విండోస్ మంచిగనే వస్తుంది కదన్నా, ఇంకేం ప్రాబ్లమ్?" అన్నాడు. లోపల్నుంచి పెద్దాయన వచ్చి ఎర్రర్ చూసి, మారు మాట్లాడకుండా అదే మోడల్ ఇంకోటి తీసిచ్చాడు. ఈసారి అక్కడే స్టూల్ మీద కూర్చుని సెక్యూరిటీ మెనూలో వర్చువలైజేషన్ ఆన్ చేసి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఉబుంటు తెరుచుకునేదాకా కదల్లేదు, వెనక ముగ్గురు నిలబడి గొణుక్కున్నా సరే.

మిగతాదంతా సాఫీగా అయింది. ఎన్‌వీఎమ్ (నోడ్ వెర్షన్లు మార్చుకునే టూల్)తో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ 22, డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ప్రాజెక్ట్ ఫోల్డర్ సీ డ్రైవ్‌లో పెట్టి మొదట తప్పు చేశా, ప్రాజెక్ట్‌కి కావాల్సిన ప్యాకేజీలు దించే ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ నత్తలా నడిచింది, ఉబుంటు హోమ్‌లోకి మార్చగానే చకచకా అయిపోయింది. డబ్ల్యూఎస్ఎల్ మామూలుగా సగం ర్యామ్ దాకా వాడుకుంటుంది కాబట్టి 16 జీబీకి తగ్గితే తీసుకోకండి. రాత్రి పదకొండింటికి యాప్ నడిచే 5173 పోర్టుని బ్రౌజర్‌లో తెరిస్తే బావ షాపు పేరు కనిపించింది, స్క్రీన్‌షాట్ పంపితే "రేట్లేవి రా?" అన్నాడు.

షాపుకి 5కి మూడున్నర. నెల వారంటీ బిల్లు మీద చేత్తో రాసిచ్చారు. ఛార్జర్ మాత్రం ఒరిజినల్ కాదు, అరగంటకే చెయ్యి కాలుతోంది, వేరేది కొనాలి.