మచ్చ కాల్చేముందు అదేంటో చూసే స్కిన్ క్లినిక్, నల్లకుంట

5కి 4 స్టార్లు. ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానో కింద చెప్తా, ముందు మంచి చెప్పాలి.

ఫీవర్ హాస్పిటల్ వైపు సందులో మొదటి అంతస్తులో ఉంటుంది, బోర్డు చాలా చిన్నది, కింద మెడికల్ షాపు గుర్తు పెట్టుకోండి. మా నాన్నని తీసుకెళ్లాం. ఆయన రోడ్ల పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు, అంటే సర్వీసంతా ఎండలోనే, టోపీ కూడా పెట్టేవారు కాదు. ముక్కు పక్కన నల్లగా మెరుస్తూ చిన్న కాయలాంటిది వచ్చింది, నొప్పి లేదు దురద లేదు, కానీ షేవింగ్ చేసుకున్నప్పుడల్లా రక్తం వచ్చేది, పెచ్చు కట్టేది, మానినట్టే మాని మళ్లీ అదే వరస. చుట్టాల్లో ఒకరు పుట్టుమచ్చ అన్నారు, ఒకరు పులిపిరి అన్నారు, ఒకరు సున్నం పెట్టమన్నారు.

దీనికంటే ముందు వేరే ఒక కాస్మెటిక్ సెంటర్లో చూపించాం, పేరు రాయను. అక్కడ ఫోన్ టార్చ్ వేసి అలా చూసి, లేజర్‌తో పది నిమిషాల్లో కాల్చేద్దాం అంకుల్, చెంప మీద ఉన్న ఇంకో మచ్చకి డిస్కౌంట్ ఇస్తాం అన్నారు. నేను ఈ రివ్యూ ఇంత పొడుగ్గా రాస్తున్నది ఈ ముక్క కోసమే, దయచేసి చదవండి. అదేంటో తేలకుండా నల్లమచ్చని లేజర్‌తో కాల్చేస్తే ల్యాబ్‌కి పంపడానికి ఏమీ మిగలదు. ఒకవేళ అది క్యాన్సర్ అయితే పైన నున్నగా కనిపిస్తుంది కానీ అడుగున మిగిలింది పెరుగుతూనే ఉంటుంది, మనం తగ్గిందనుకుని ఇంట్లో కూర్చుంటాం.

ఈ క్లినిక్‌లో డాక్టర్ మేడం లేజర్ మాటే ఎత్తలేదు. డెర్మోస్కోప్ అని చేతిలో పట్టుకునే లెన్స్ ఒకటి ఉంటుంది, దాన్ని ఆ కాయ మీద ఆనించి చాలాసేపు చూశారు, ఫోటో తీసి పెద్దగా చేసి మాకూ చూపించారు, అంచు ముత్యంలా మెరుస్తోంది, లోపల సన్నటి రక్తనాళాలు కొమ్మల్లా పాకాయి, మధ్యమధ్య నీలం బూడిద రంగు చుక్కలు. "ఇది బేసల్ సెల్ కార్సినోమాలా ఉంది నాన్నగారూ, అంటే ఒకరకం స్కిన్ క్యాన్సర్, చిన్న ముక్క తీసి టెస్ట్‌కి పంపుదాం, అది తేలాకే మిగతా మాట" అన్నారు. నాన్న "స్కిన్ క్యాన్సర్ తెల్లోళ్లకి కదమ్మా వచ్చేది" అంటే ఆవిడ నవ్వి కొట్టిపారేయలేదు, ఓపిగ్గా చెప్పారు. మన ఒంట్లో మెలనిన్, అంటే చర్మానికి నలుపునిచ్చే పదార్థం, ఎక్కువ కాబట్టి వాళ్లకంటే మనకి చాలా తక్కువ వస్తుంది, అది నిజమే, కానీ అసలు రాదని కాదు, పైగా మనకి రాదనే నమ్మకం వల్లే లేటుగా బయటపడుతుంది. తెల్లవాళ్లలో బేసల్ సెల్ ఎక్కువగా గులాబీ రంగులో ఉంటుందట, మన చర్మంలో నల్లగానే కనిపించేవి చాలా ఉంటాయి, అందుకే పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు.

అక్కడే గదిలో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పంచ్ బయాప్సీ, అంటే టెస్ట్ కోసం చిన్న ముక్క తీయడం, చేశారు. రిపోర్ట్‌లో ఆవిడ అనుమానించిందే వచ్చింది. రిపోర్ట్ చేతికిచ్చి పంపేయకుండా కూర్చోబెట్టి మాట్లాడారు, ఈ రకం వేరే అవయవాలకి పాకడం చాలా అరుదు, కానీ వదిలేస్తే ఉన్నచోటే లోతుగా తినేసుకుంటూ పోతుంది, ముక్కు కన్ను పక్కన అయితే అది చిన్న విషయం కాదు అని. రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ముందే కనుక్కోండి అని లెటర్ రాసిచ్చారు, తనకి తెలిసిన ఏదో కార్పొరేట్ హాస్పిటల్‌కే వెళ్లమని ఒత్తిడి ఏమీ లేదు. ఆపరేషన్‌లో చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు మంచి చర్మం కూడా కలిపి తీశారు, అంచులు క్లియర్, అంటే తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు అని రిపోర్ట్ వచ్చింది, ఇప్పుడు నాన్న బాగున్నారు.

ఇంకో విషయం, నాకు చాలా నచ్చింది ఇదే. మొదటి రోజే ముక్కు చూడటం అయిపోయాక చెప్పులు విప్పమన్నారు. అరికాళ్లు, కాలివేళ్ల సందులు, గోళ్లు, అరచేతులు, నోటి లోపల కూడా చూశారు. మెలనోమా అని ప్రమాదకరమైన రకం ఉంది కదా, అది మనలాంటి రంగు వాళ్లకి ఎక్కువగా అరికాల్లో, గోరు కింద వస్తుందట, అంటే ఎండకీ దానికీ పెద్ద సంబంధం లేనట్టే, సన్‌స్క్రీన్ రాసుకున్నా ఆగేది కాదు, చూసుకోవడం ఒక్కటే దారి. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి వచ్చింది ఇదే, 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది, 1981లో 36 ఏళ్లకే పోయాడు.

మా అమ్మ ఊరికే తోడు వచ్చింది, ఆవిడ మడమ మీద కూడా ఒక నల్లచుక్క కనిపించింది. దాన్నీ లెన్స్ పెట్టి చూశారు. మన వేలిముద్రల్లాగే అరికాలికీ గీతలుంటాయి, దున్నిన చేలో గట్లూ చాళ్లూ ఉన్నట్టు, రంగు చాళ్లలో ఉంటే మామూలు మచ్చ, గట్ల మీద పరుచుకుంటే అనుమానించాలి. అమ్మది చాళ్లలోనే ఉంది, ఏమీ చెయ్యక్కర్లేదు, పెరిగినా రంగు మారినా రండి అని చెప్పి దానికి ఫీజు కూడా తీసుకోలేదు. అమ్మని నడుము దగ్గర లంగా బొందు కట్టే చోట ఎప్పుడైనా మానని పుండు అయిందా అని కూడా అడిగారు. ఏళ్ల తరబడి ఒకేచోట బిగించి కట్టి చర్మం ఒరుసుకుపోయి, అక్కడ క్యాన్సర్ వచ్చిన కేసులు మన దేశంలో ఉన్నాయట, పాత కాలిన మచ్చల్లోనూ రావచ్చట. బొందు వెడల్పుగా, వదులుగా కట్టుకోమన్నారు.

నాన్న బీపీ మాత్రల స్ట్రిప్ కూడా అడిగి చూశారు. హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న మాత్రలు చాలా ఏళ్లు వాడితే ఇంకోరకం స్కిన్ క్యాన్సర్ రిస్క్ కొంచెం పెరుగుతుందని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేబుల్ మీద చేర్చింది, రిస్క్ చిన్నదే, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు అని ఒకటికి రెండుసార్లు చెప్పారు.

సన్‌స్క్రీన్ విషయంలో కూడా ఏదో వాళ్ల కౌంటర్లో ఉన్న ట్యూబ్ అంటగట్టలేదు. ఎస్‌పీఎఫ్ 30 అయితే ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో సుమారు 97 శాతం, 50 అయితే 98 శాతం ఆపుతుంది, తేడా అంతే, కాబట్టి ఖరీదైన 50 కొని పప్పుగింజంత రాసుకోవడం కంటే మామూలు 30 కొని రెండువేళ్ల పొడుగునా పిండుకుని ముఖానికీ మెడకీ రాయడం నయం, కాకపోతే యూవీఏ అనే ఇంకోరకం కిరణాలని కూడా ఆపేదై ఉండాలి. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో 1600 మందికి పైగా జనాన్ని రెండు గుంపులు చేసి చూశారట, రోజూ రాసుకున్నవాళ్లకి స్క్వామస్ సెల్ అనే ఇంకోరకం స్కిన్ క్యాన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి, బేసల్ సెల్‌లో మాత్రం తేడా కనపడలేదు. తగ్గనిదాన్ని కూడా చెప్పే డాక్టర్ మీద నాకు నమ్మకం కుదిరింది. క్రీమ్ కంటే ముందు బట్ట అని ఆవిడ మాట, మన హైదరాబాద్‌లో స్కూటీ మీద అమ్మాయిలు స్కార్ఫ్ చుట్టుకుని చేతులకి స్లీవ్స్ వేసుకుని వెళ్తారు చూడండి, అది చాలా మంచి పద్ధతి, మగాళ్లే హాఫ్ హ్యాండ్స్‌తో తిరుగుతారు అన్నారు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే యూవీ గట్టిగా ఉన్నట్టే, అప్పుడు నీడకి వెళ్లిపోండి.

నేను నెట్‌లో చదివి నికోటినమైడ్ (విటమిన్ బీ3లో ఒక రకం) మాత్ర గురించి అడిగా, అది కూడా అక్కడే కొనమంటారేమో అనుకున్నా. అదీ ఆస్ట్రేలియా ట్రయలే, 2015లో వచ్చింది, 386 మంది మీద, అప్పటికే స్కిన్ క్యాన్సర్లు వచ్చినవాళ్లకి రోజుకి రెండుసార్లు 500 మిల్లీగ్రాములు ఏడాది ఇస్తే కొత్తవి 23 శాతం తగ్గాయి, మానేస్తే ఆ లాభం పోయింది, మీ నాన్నగారికి ఒక్కటే వచ్చింది కాబట్టి ఇప్పుడు వద్దు అని తేల్చేశారు.

ఇక తగ్గించిన స్టార్. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి నరకం. సాయంత్రం టోకెన్ ఇచ్చిన టైమ్‌కీ లోపలికి పిలిచే టైమ్‌కీ పొంతనే ఉండదు, ఎందుకంటే ఆవిడ ఒక్కొక్కరిని అంతసేపు చూస్తారు, అది అర్థమవుతుంది కానీ బయట కుర్చీలు అయినా పెంచాలి కదా. కారు అసలు తీసుకెళ్లొద్దు, ఆ సందులో పెట్టే చోటు లేదు, ఆటోలో వెళ్లండి. ఫీజు 600, బయాప్సీకీ ల్యాబ్‌కీ వేరే, బిల్లు మాత్రం అడక్కుండానే ఇస్తారు.

వెళ్లేవాళ్లకి ఒక మాట, కాళ్లకి గోరింటాకు, పారాణి ఉంటే పోయేదాకా ఆగి వెళ్లండి, అనుమానంగా ఉంటే మాత్రం ఆగొద్దు. నెయిల్ పాలిష్ ఇంట్లోనే తీసేయండి, మా ముందు ఒకావిడ పాలిష్‌తో వస్తే గోళ్లు చూడటానికి రిమూవర్ కోసం కిందకి పంపించారు. మచ్చ పాత ఫోటోల్లో ఎక్కడైనా కనపడితే, పెళ్లి ఆల్బమ్ అయినా సరే, ఫోన్‌లో తీసుకుని వెళ్లండి, ఎప్పటినుంచి ఉంది, ఎంత పెరిగింది అని మొదట అడిగేది అదే.