పాత రోడ్ బైక్‌కి ఫ్రీవీల్ కొంటున్నారా? మర చూడకుండా డబ్బు కట్టకండి

మా చిన్నాన్న తొక్కిన గేర్ సైకిల్ నా చేతికొచ్చి మూడేళ్లయింది. 1980ల నాటి జపాన్ బండి. సన్నటి స్టీలు ఫ్రేము, వెనక ఆరు గేర్లు, గేర్ లీవర్లు ఫ్రేము గొట్టం మీదే. ఆదివారం తెల్లారకముందే తిరుపతిలో బయల్దేరి చంద్రగిరి కోట దాకా తొక్కి, ఎండెక్కేలోపు ఇంటికొచ్చేస్తాను. ఈ మధ్య వెనక చిన్న పళ్ల చక్రాల మీద చైన్ జారడం మొదలైంది. కొత్త చైన్ వేస్తే ఇంకా ఎక్కువైంది. చూస్తే ఫ్రీవీల్ (వెనక చక్రానికి మరతో బిగించే పళ్ల చక్రాల గుత్తి) పళ్లు రంపంలా అరిగిపోయి ఉన్నాయి.

ఊళ్లో అడిగిన షాపుల్లో దొరకలేదు. ఆన్‌లైన్‌లో పాత విడిభాగాలు అమ్మే ఒకాయన దగ్గర 'ఆరు గేర్ల ఫ్రీవీల్, వాడనిది' అని కనిపించింది. ఫోన్ చేస్తే, "ఏ పాత రోడ్ బైక్‌కైనా పట్టేస్తుంది సార్, గ్యారంటీ నాది" అన్నాడు. 2,600 రూపాయలు ముందే కట్టేశాను. ఫొటోలో పళ్ల వైపు మాత్రమే ఉంది. వెనక వైపు చూపించమని అడగకపోవడమే నేను చేసిన తప్పు.

పార్సిల్ రాగానే మా వీధి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. చేత్తో తిప్పితే ఒక చుట్టు సాఫీగా ఎక్కింది, తర్వాత బిగుసుకుపోయింది. అక్కడి నుంచే అమ్మినాయనకి ఫోన్ చేశాను. "కొత్తది కదా సార్, మొదట్లో అట్లే ఉంటుంది, గట్టిగా బిగించండి" అన్నాడు. ఆ మాట నమ్మి బిగించాం. ఇంకో అర చుట్టుకే కరకరమని శబ్దం. వెనక్కి విప్పితే ఫ్రీవీల్‌తో పాటు వెండి తీగలాంటి అల్యూమినియం పోగులు చుట్టలు చుట్టలుగా ఊడొచ్చాయి. మెకానిక్ ఒక పోగును వేలి మీద పెట్టి చూపించి, "హబ్ మర పోయింది నాయనా" అన్నాడు. హబ్ అంటే చక్రం నడిమి భాగం, దాని మర మీదే ఫ్రీవీల్ బిగుస్తుంది. నలభై ఏళ్ల నాటి హబ్ అది.

లేత్ షాపులో థ్రెడ్ గేజ్ పెట్టిస్తే విషయం బయటపడింది. వచ్చింది ఫ్రెంచ్ మర ఫ్రీవీల్: వ్యాసం 34.7 మిల్లీమీటర్లు, మరకీ మరకీ మధ్య సరిగ్గా 1 మిల్లీమీటరు. నా హబ్‌ది ఇంగ్లిష్ మర: సుమారు 34.8 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 మరలు, అంటే మధ్య దూరం దాదాపు 1.06. కంటికి రెండూ ఒకటే. మొదటి చుట్టు ఎక్కేస్తుంది, ఆపైన మరలు ఒకదాన్నొకటి కోసేస్తాయి.

అమ్మినాయన ఇప్పుడు "బిగించిన వస్తువు వాపసు తీసుకోం" అంటున్నాడు. బిగించమని చెప్పింది ఆయనే! తర్వాత నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

కాబట్టి కొనేముందు ఫ్రీవీల్ వెనక వైపు, మర కనపడేలా ఫొటో అడగండి. ఏ మరో రాసి పంపమనండి. మీ హబ్ మరను ముందే లేత్ షాపులో కొలిపించుకోండి. కొత్తది కొద్దిగా గ్రీజు రాసి చేత్తో తిప్పితే నాలుగైదు చుట్లు హాయిగా ఎక్కాలి. ఎక్కకపోతే పానా జోలికి పోవద్దు. ఫ్రీవీల్ వేరు, కాసెట్ వేరు అని కూడా గుర్తుంచుకోండి. మర మీద బిగేది ఫ్రీవీల్, గాడుల్లోకి జారి కూర్చునేది కాసెట్. కాసెట్ మన పాత హబ్‌లకు పట్టదు. వెనక చక్రం కూర్చునే చోట ఫ్రేము వెడల్పు కూడా చూసుకోవాలి: ఐదు గేర్ల బండ్లకు మామూలుగా 120 మిల్లీమీటర్లు, ఆరేడు గేర్ల వాటికి 126.

క్లిక్‌లు లేని పాత లీవర్ అయితే గేర్ల మధ్య దూరం కాస్త తేడా ఉన్నా చేత్తో సర్దుకోవచ్చు. క్లిక్‌ల లీవర్‌తో ఆ వీలు లేదు. జపాన్ విడిభాగాల కంపెనీ షిమానో క్లిక్ గేర్లు 1984లో వచ్చాయి, ఆ తొలి డ్యూరా-ఏస్ (షిమానో రేసింగ్ సెట్) లీవర్లు అదే కంపెనీ మిగతా సెట్లతో కూడా కలవవు.

ఇంకో మాట. షిమానో ఇప్పటికీ ఆరు, ఏడు గేర్ల ఫ్రీవీల్స్ ఇంగ్లిష్ మరతోనే తయారుచేస్తోంది. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే పాతదాని కోసం వెతికేవాణ్ణే కాదు.

ఆ ప్రకటన ఇంకా అలాగే ఉంది. అదే ఫొటో, 'అన్ని పాత బైకులకు' అన్న అదే మాట. ఈపాటికే తెప్పించుకుని ఉంటే దయచేసి బిగించకండి, గ్రీజు కూడా అంటనివ్వకండి. ముందు మర కొలిపించి, తేడా ఉంటే వెంటనే వాపసు అడగండి.