పడక గోపాల్‌పూర్‌లో, పడవ రంభలో

ఒడిశాలోని బరంపురంలో ఇల్లున్న తెలుగువాళ్లకు చలికాలంలో బంధువుల ఫోన్లు ఎక్కువ. పూరీకి వెళ్తూ దారిలో ఒక పూట ఆగుతామంటారు. ఆ పూటలోనే గోపాల్‌పూర్, చిలికా, తారాతరిణి, తప్తపాని అన్నీ చూపించమంటారు. చూపించవచ్చు, కారు అద్దాల్లోంచి. అందుకే ఈసారి రాజమండ్రి నుంచి మేనత్త కుటుంబం బయలుదేరకముందే చెప్పేశాను: పూరీ మరోసారి చూసుకుందాం, ఈ సెలవులు మా గంజాం జిల్లాకే ఇవ్వండి అని.

"సముద్రం విశాఖలో లేదా, కాకినాడలో లేదా? దానికోసం ఒడిశా దాకా రావాలా నాయనా?" అంది అత్తయ్య.

న్యాయమైన ప్రశ్నే. విశాఖ తీరంలో జలాంతర్గామి ఉంది, కైలాసగిరి ఉంది, రాత్రి పొద్దుపోయినా తరగని సందడి ఉంది. గోపాల్‌పూర్‌లో అలాంటివేవీ లేవు. దుకాణాలు, హోటళ్లు ఉన్న బీచ్ రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికి అరగంట కూడా పట్టదు. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయేవాళ్లు "ఇక్కడ ఏముంది?" అని విసుక్కునేది అందుకే. ఈ ఊళ్లో రాత్రి నిద్ర చేయాలి. తెల్లవారుజామున లేచి తీరం వెంట తాపీగా నడిచే తీరిక ఉండాలి. వరుసగా చూసుకుంటూ పోయే తీర్థయాత్ర లాంటిది కావాలంటే అందుకు చిలికా సరస్సు ఉంది, దాని ఒడ్డున రంభ ఉంది. పడక ఇక్కడ, పడవ అక్కడ అని నేను అందరికీ చెప్పేది.

బరంపురం స్టేషన్ నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. ఆటోలు, బస్సులు దొరుకుతాయి. ఇప్పటి నిదానం చూసి ఊరు ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకోవద్దు. బ్రిటిషు కాలంలో ఇది రద్దీ రేవు. ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి కూలిపనికి బర్మా వెళ్లినవాళ్లు రంగూన్ స్టీమరెక్కింది ఇక్కడే. 1942లో బర్మా జపాను చేతిలో పడ్డాక ఆ ప్రయాణాలు ఆగిపోయాయి, వాటితోపాటే ఊరి సందడీ పోయింది. పాత జెట్టీ స్తంభాలు కొన్ని ఇప్పటికీ ఒడ్డున నిలబడి ఉన్నాయి. జనం వాటికి ఆనుకుని ఫోటోలు తీసుకుంటారు. వాటి కథ చెప్పే బోర్డు ఒక్కటి కూడా నాకు కనబడలేదు. ఇప్పుడు పనిచేస్తున్న సరకుల రేవు ఊరికి ఉత్తరాన దూరంగా ఉంది, యాత్రికులకు దానితో పని లేదు.

ఒడ్డున వలలు బాగుచేసుకునే జాలర్లలో చాలామంది తెలుగువాళ్లే, తరాలుగా ఇక్కడే స్థిరపడినవాళ్లు. ఒకాయన అత్తయ్య మాట విని తల ఎత్తాడు. "ఎక్కడి నుంచి వచ్చారమ్మా?" అన్నాడు. గోదావరి జిల్లా అనగానే వల పక్కన పెట్టి, ఆ పూట సముద్రంలో ఏ చేప పడిందో, బజారులో దాని ధర ఎంతో చెప్పాడు. పిల్లలు నీళ్లవైపు పరుగెత్తబోతుంటే మాత్రం గొంతు పెంచాడు: "దిగనివ్వకండమ్మా. కాలికింద ఇసుక లాగేస్తుంది. ఒడ్డున కూర్చుని పాదాలు తడుపుకోమనండి, చాలు." ఇది అతి జాగ్రత్త కాదు. ఇక్కడ తీరం నిటారుగా లోతుకు దిగుతుంది, వెనక్కి మళ్లే కెరటానికి బలం ఎక్కువ. సముద్ర స్నానమే ముఖ్యమనుకునేవాళ్లకు గోపాల్‌పూర్ సరిపోదు.

దీపస్తంభం ఎక్కడానికి సాయంత్రం కొద్దిసేపే అనుమతి. ఎక్కితే ఊరు, సరుగుడు తోటలు, తీరపు గీత మొత్తం ఒక్క చూపులో తెలిసిపోతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద టీ తాగుతూ కూర్చోవడం మేలు. చీకటి పడుతుంటే ఒడ్డున చేపలు, రొయ్యలు వేయించే బళ్లు వెలుగుతాయి. వేయించమనే ముందే తూకం, ధర తేల్చుకోండి. పళ్లెంలోకి వచ్చాక బేరం ఆడితే గెలిచేది బండివాడే. దుకాణాల వెలుగు దాటి నిర్జనంగా ఉన్న వైపు మాత్రం రాత్రి నడక వద్దు.

ఇక బస సంగతి. ఊళ్లో అన్నిటికన్నా పేరున్నది పామ్ బీచ్ హోటలు. 1914లో మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు కట్టించాడు. తరవాత ఒబెరాయ్ వాళ్ల చేతికి వచ్చింది, ఇప్పుడు మేఫెయిర్ వాళ్లది. తోట, వరండాలు, నేరుగా ఇసుకలోకి తెరుచుకునే దారి అన్నీ ముచ్చటగా ఉంటాయి. ఒక రాత్రి అద్దె విన్నాక మామయ్య ఫోను నెమ్మదిగా జేబులో పెట్టేసుకున్నారు. కొత్త దంపతులకైతే ఆ ఖర్చు పెట్టమనే అంటాను. ఏడుగురి కుటుంబానికి అవసరం లేదు.

మధ్యతరగతి లాడ్జీలు బీచ్ రోడ్డు మీదే ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఫోనులో అడ్వాన్సు కట్టాం, సముద్రం కనిపించే గది అన్నారని. కనిపించిన మాట నిజమే: స్నానాలగది కిటికీ తెరిచి, పక్కింటి నీళ్ల ట్యాంకు మీదుగా మెడ చాస్తే ఒక నీలం గీత కనిపించింది. దుప్పట్లకు చెమ్మ వాసన. కౌంటరులో అడిగితే, సముద్రం కనిపిస్తుంది అన్నామే గాని ఎక్కడి నుంచి అనలేదు కదా అన్నట్టు ఒక చిరునవ్వు. అడ్వాన్సులో సగం వదులుకుని రెండు భవనాల అవతల పై అంతస్తు గదులు తీసుకున్నాం. అక్కడ రంగు వెలిసిన గోడలే గాని, బాల్కనీలో కుర్చీ వేసుకుంటే ఎదురుగా సముద్రం తప్ప మరేమీ లేదు. కుర్రాడు పొద్దున్నే బకెట్లతో వేడినీళ్లు తెచ్చాడు, అడగకుండానే మంచి టీ ఇచ్చాడు. ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము నిలవదు, కొత్త గదికైనా ఏడాదిలో పాత మొహం వచ్చేస్తుంది. కాబట్టి ఫోటోలు నమ్మి డబ్బు కట్టకండి, వచ్చి గది చూసి మాట్లాడుకోండి. డిసెంబరు చివరి వారం, శని, ఆదివారాలు మాత్రం దీనికి మినహాయింపు. అప్పుడు ముందే పట్టుకోకపోతే బరంపురంలోనే పడుకోవలసి వస్తుంది. బరంపురం హోటళ్లు శుభ్రంగానే ఉంటాయి, ధరకూ తగ్గట్టుంటాయి. అక్కడ అలల చప్పుడు ఉండదు, అంతే.

రంభకు పొద్దున్నే బయలుదేరాలి. జాతీయ రహదారి మీద గంట, గంటంపావు. మధ్యాహ్నం దాటితే చిలికా మీద గాలి లేస్తుంది, పడవ ఊగుతుంది, పిల్లల ముఖాలు తెల్లబోతాయి. చిలికా మూడు జిల్లాల్లో పరచుకున్న ఉప్పు కలిసిన నీటి సరస్సు. 1981లోనే చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందింది. దాని దక్షిణపు కొస రంభ. తూర్పు కనుమల కొండలు ఇక్కడ నీళ్ల దాకా దిగి వస్తాయి. పూరీ వైపు నుంచి చిలికా చూసినవాళ్లకు ఈ కొండలు, ఈ నీడలు ఉండవు. అందుకే అందంలో నా ఓటు రంభకే.

పడవలు ఒడిశా పర్యాటక సంస్థ హోటలు పాంథనివాస్ జెట్టీ దగ్గరా ఉంటాయి, ప్రైవేటువీ ఉంటాయి. ఏది ఎక్కినా లైఫ్ జాకెట్ అడగండి. ఏయే దీవులు తిప్పుతారో, ఎంతసేపు ఆపుతారో ఎక్కకముందే మాట్లాడుకోండి. బీకన్ దీవి అనేది నీళ్లలోంచి లేచిన బండ. దాని మీద కంపెనీ పాలన నాటి గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ దీపం కోసం స్తంభం కట్టించాడు. బ్రేక్‌ఫాస్ట్ దీవిలో ఖల్లికోట రాజుల నాటి బంగళా శిథిలం ఉంది. హనీమూన్ దీవి అని పిలిచేదాని అసలు పేరు బర్కుడా. ప్రపంచంలో మరెక్కడా కనబడని కాళ్లు లేని నలికిరి ఒకటి 1917లో అన్నండేల్ అనే శాస్త్రవేత్తకు ఇక్కడే దొరికింది. జీవశాస్త్రంలో దాని పేరు కూడా ఈ దీవి మీదుగానే వచ్చింది. పడవవాడికి ఈ సంగతి తెలియదు, తెలిసిన మా మేనబావ కొడుకు దానికోసం ఆకులన్నీ తిరగేశాడు. దొరకలేదు.

డాల్ఫిన్లు చూపిస్తామని రంభలో ఎవరైనా అదనంగా డబ్బు అడిగితే నవ్వి ఊరుకోండి. ఇరావతి డాల్ఫిన్లు ప్రధానంగా కనిపించేది సాతపడా దగ్గర, సముద్రంతో కలిసే కాలువల వైపు. అది పూరీ జిల్లా. వలస పక్షులు నిజంగా ముఖ్యమైతే ఇంకొంచెం ముందుకు, ఖుర్దా జిల్లాలోని మంగళజోడి వెళ్లాలి. ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లే ఇప్పుడు అక్కడ చిన్న పడవల్లో తిప్పి పేరు పేరునా చూపిస్తారు. డిసెంబరు, జనవరి నెలలు అందుకు మంచివి.

మధ్యాహ్న భోజనానికి పీతల కూర పొద్దున పడవెక్కేముందే చెప్పిపెట్టాలి. 2000లో సరస్సుకు సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వాక ఉప్పునీటి రాకపోకలు మెరుగై, చేపలు, రొయ్యలు, పీతలు మళ్లీ పుంజుకున్నాయి. మేం తిన్నచోట వడ్డన ఆలస్యం, అన్నం చల్లారింది, కానీ ఆవ పెట్టిన ఆ పీతల కూర ముందు ఎవరూ నోరెత్తలేదు. మాంసాహారం ముట్టని అత్తయ్యకు దాల్మా దొరికింది. పప్పులో కూరగాయలు వేసినదే కదా అంటూనే రెండోసారి వడ్డించుకుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చేవాళ్లు పైవన్నీ ఒక పక్కన పెట్టి ఋషికుల్య నది ముఖద్వారం గురించి వాకబు చేయాలి. గంజాం పట్టణానికి దగ్గరలో గోఖరకుడా, పొడంపేట ఊళ్ల ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలు, లక్షలుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. ప్రతి ఏడూ రావాలని లేదు, ఏ రాత్రి వస్తాయో ముందుగా చెప్పగలిగేవాళ్లూ లేరు. అటవీశాఖవాళ్లు కట్టిన కంచె అవతల నుంచే చూడాలి, టార్చిలైటు, ఫోను వెలుగు ఏవీ వేయకూడదు. నెలన్నర తరవాత పిల్లలు బయటికి వస్తాయి. అవి వెలుతురును బట్టి సముద్రం వైపు పోతాయి కనుక ఒడ్డున దీపం కనబడితే దారి తప్పి ఊరి వైపు పాకుతాయి. ఈ తీరంలో నవంబరు నుంచి మే నెలాఖరు దాకా చేపల వేట మీద ఆంక్షలు ఉన్నది వీటికోసమే. వాటి భారం మోసేది ఒడ్డున మనతో కబుర్లు చెప్పిన జాలరి కుటుంబాలే అన్నది కూడా తెలిసి ఉండాలి.

మిగతావి వేగంగా చెబుతాను. ఛత్రపురం దగ్గర తంపరా మంచినీటి సరస్సు, దారిలోనే ఉంది కాబట్టి ఆగవచ్చు. గంజాంలోని పోటాగఢ్ పాత కోట చరిత్ర ఇష్టమైనవాళ్లకే. తారాతరిణి కొండకు 999 మెట్లు, మెట్లు వద్దంటే రోప్‌వే ఉంది. పైనుంచి ఋషికుల్య వంపు బాగుంటుంది. చైత్ర మంగళవారాల్లో మాత్రం జాతర రద్దీకి సిద్ధపడి వెళ్లండి. తప్తపాని వేడినీటి ఊట చలిలో హాయి, ఎండాకాలం శిక్ష. అటే ఇంకా ముందుకు వెళ్తే గజపతి జిల్లా జిరంగ్‌లో 2010లో దలైలామా ప్రారంభించిన టిబెటన్ల బౌద్ధాలయం ఉంది. దానికి ఒక పూర్తి రోజు కేటాయించాలి.

బరంపురంలో ఆడవాళ్లు పట్టుచీరల దగ్గర ఆగిపోతారు, ఆపకండి. అంచు మీద గుడి గోపురాల వరుసలాంటి ఫొడా కుంభ నేత ఈ ఊరి సొంతం, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నేసేవాళ్ల పూర్వీకులు తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్లే. పాత ఊరి నేత వీధుల్లో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది, ధర మాత్రం తగ్గదు. అప్పడాలు, పచ్చళ్లు ఎవరైనా కొంటారు. నేనైతే మొగలి అత్తరు కొనమంటాను. సముద్రానికీ రహదారికీ మధ్య ఇసుక నేలల్లో పెరిగే మొగలి పొదల నుంచి తీసేది, దేశంలో మొగలి అత్తరుకు గంజాం జిల్లాయే ప్రధానమైన చోటు. వానాకాలంలో పూత ఎక్కువ, అప్పుడు బట్టీలు ఉన్న ఊళ్ల మీదుగా బస్సు వెళ్తుంటే కిటికీ మూయబుద్ధి కాదు.

ఏ నెలలో రావాలని అడిగితే నవంబరు నుంచి ఫిబ్రవరి అంటాను. దసరా సెలవులని అక్టోబరులో టిక్కెట్లు తీయకండి. అది తుఫాన్ల నెల. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. వాతావరణ శాఖ మాట వినకుండా ఆ వారంలో సముద్రం ఒడ్డున గది తీసుకోవడం తెలివైన పని కాదు. రైలులో రంభ వెళ్లాలనుకుంటే ప్యాసింజరే దిక్కు, ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు. బాలుగావ్‌లో దిగి ఆటోలో వెనక్కి రావచ్చు. బరంపురం నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు సీటు పట్టుకుంటే రంభ దాటాక పట్టాల పక్కనే చిలికా కనబడుతూ ఉంటుంది.