టెక్స్‌టైల్ కోన్ కొనేవాళ్ళు జాగ్రత్త: అంచు అరగదీసి ‘జెమ్’ అని అంటగడుతున్నాడు

చెన్నైలో కోన్ గవ్వలు (శంకువు ఆకారంలో ఉండే సముద్రపు నత్త పెంకులు) అమ్మేవాడు ఎవరో సేకరించేవాళ్ళకి తెలిసిందే, పేరు రాయను. 92 మి.మీ. టెక్స్‌టైల్ కోన్ (ఒంటినిండా గుడారాల్లాంటి డిజైన్ ఉండే రకం), “జెమ్ గ్రేడ్ (అంటే ఏ లోపమూ లేని మేలురకం) సార్, ప్రాణంతో ఉండగా తీసింది, ఒక్క దెబ్బ లేదు” అని 4,500 లాగాడు. పార్సిల్ విప్పితే నూనె ఓడుతోంది.

పది రెట్ల లెన్స్ కింద లిప్, అంటే గవ్వ నోటి అంచు, పెట్టగానే బండారం బయటపడింది. నత్త పెంకు పెరిగేది ఆ అంచు దగ్గరే. పెంకు మీద నిలువుగా కనిపించే సన్నగీతలన్నీ ఒకప్పటి అంచులే, కాబట్టి చివరి గీతలు ఇప్పటి అంచుకు సమాంతరంగా పోవాలి. ఇందులో కింది మూడు సెంటీమీటర్ల మేర గీతలు ఏటవాలుగా వచ్చి అంచు దగ్గర తెగిపోయాయి. సహజమైన అంచు పల్చగా, కాస్త వంపుగా, వేలికి పదునుగా తగులుతుంది. ఇదేమో స్కేలు పెట్టి కోసినట్టు తిన్నగా, మొద్దుగా ఉంది. చిట్లిన అంచును ఆకురాయితో అరగదీశాడన్నమాట. (గుడారాల డిజైన్ అంచులో సగానికి తెగి ఉండటం మాత్రం రుజువు కాదు. పెరుగుతున్న నత్తకీ అలాగే ఉంటుంది.)

గవ్వ భుజం (పైన వెడల్పుగా ఉండే చోటు) దగ్గర నెయిల్ పాలిష్ రిమూవర్ అద్దిన దూదితో తుడిస్తే దూదికి గోధుమరంగు అంటింది, కింద మైనం పూడిక తేలింది. గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి ఆరబెడితే మెరుపూ పోయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చి ఎండకు వెలిసిన గవ్వ! పల్చగా నూనె రాయడం అందరూ చేసేదే, ఇలా ముంచి తియ్యడం ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

ఫొటోలు పంపి అడిగితే ఏమన్నాడో తెలుసా? “సముద్రంలోది సార్, ఫ్యాక్టరీలో చేసింది కాదు. గవ్వకి భూతద్దం పెట్టేవాణ్ణి నిన్నే చూస్తున్నా” అని నవ్వాడు. నవ్వాడండీ! సార్ కాస్తా నువ్వయ్యాను, ఆ వెంటనే నంబర్ బ్లాక్. ఫ్యాక్టరీలో చెయ్యలేదు, ఒప్పుకున్నాం. మరి ఆకురాయి ఎవరిది, నత్తదా? బతికుంటే దీని కాటు విషం, చచ్చాక అమ్మేవాడి మాట విషం.

కొనేముందు నూనె లేకుండా, పక్కనుంచి వెలుతురు పడేలా తీసిన లిప్ ఫొటో అడగండి. దొరికిన చోటు, లోతు, తేదీ రాసిన చీటీ లేకపోతే జెమ్ రేటు ఇవ్వొద్దు.

ఇంకోటి, ‘గ్లోరీ ఆఫ్ ఇండియా’ కూడా గుట్టుగా తెప్పిస్తానంటున్నాడు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న కోన్, కొన్నవాడి మీదా కేసు పడుతుంది. బిల్లు ఇస్తాడేమో అడిగి చూడండి.