ఊరిని బొమ్మల కొలువు చేసే టూల్: స్నాప్‌సీడ్ 'లెన్స్ బ్లర్' రివ్యూ

మేడ మీంచో కొండ మీంచో తీసిన ఫొటోలో బస్సులు, మనుషులు, తోపుడు బండ్లు కొండపల్లి బొమ్మల్లా చిట్టిగా కనిపించేలా చేసే యాప్‌లు చాలానే ఉన్నాయి. వాటిలో పైసా అడగకుండా, ప్రకటనలు చూపించకుండా, ఫొటో మూలన తన పేరు అచ్చు వేయకుండా, నెట్ లేకపోయినా పనిచేసేది స్నాప్‌సీడ్. నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ 2011లో ఐప్యాడ్ కోసం దీన్ని తెచ్చింది. 2012లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. ఈ రివ్యూ యాప్ మొత్తం గురించి కాదు, అందులోని 'లెన్స్ బ్లర్' అనే ఒక్క టూల్ గురించే. టూల్ గట్టిదే, కానీ దాన్ని తెరిచి, టిక్ కొట్టి వదిలేస్తే వచ్చే ఫొటో నూటికి తొంభై సార్లు అబద్ధంలా ఉంటుంది. దాన్ని సరిచేసే మాస్క్ సౌకర్యం, అంటే ఎఫెక్ట్ ఎక్కడ పడాలో కుంచెతో రుద్ది ఎంచుకునే వీలు, ఇదే యాప్‌లో ఉచితంగా ఉండడమే దీన్ని మిగతావాటికంటే పైన నిలబెడుతోంది.

ఈ ఎఫెక్ట్ ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే సెట్టింగులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జానెడు దూరంలో ఉన్న బొమ్మ కారును ఫొటో తీస్తే సన్నని పట్టీ మేరకే స్పష్టంగా వస్తుంది, దాని ముందూ వెనకా మసకబారిపోతుంది. నలభై మీటర్ల దూరంలోని నిజం కారును తీస్తే అంతా స్పష్టంగానే ఉంటుంది. కన్ను ఈ మసకను బట్టే దూరాన్ని, దూరాన్ని బట్టి సైజును అంచనా కడుతుంది. దూరపు ఫొటోకి దగ్గరి మసక తగిలిస్తే కారు బొమ్మ అయిపోతుంది. పెద్ద కెమెరాల్లో దీనికి టిల్ట్-షిఫ్ట్ లెన్సులు, అంటే కెమెరాకి బిగించాక కూడా వంచడానికీ పక్కకి జరపడానికీ వీలున్న లెన్సులు, వాడతారు. కెనాన్ 1991లో 24, 45, 90 మిల్లీమీటర్ల టీఎస్-ఈ లెన్సులు తెచ్చింది. నిజానికి అవి కట్టడాలను, వస్తువులను వంకర లేకుండా తీయడానికి పుట్టినవి. ఇటలీకి చెందిన ఒలీవో బార్బియేరి, జపాన్‌కి చెందిన నవోకి హోంజో లాంటివాళ్లు ఆ ఒంపును తిరగేసి వాడి, నగరాలను బొమ్మల్లా చూపించారు. ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి మెయిన్ కెమెరాలో మూడు నాలుగు మీటర్లు దాటిన ప్రతిదీ దాదాపు ఒకే స్పష్టతతో పడుతుంది. పోర్ట్రెయిట్లకి అది లోపం, ఇక్కడ మాత్రం వరం. మసక ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో పూర్తిగా మన చేతిలో ఉంటుంది.

యాప్ తెరిచే ముందు ఫొటో సంగతి చూడాలి. కింద నుంచి తీసిన ఫొటోని ఏ టూలూ బొమ్మగా మార్చలేదు. బల్ల మీద పెట్టిన నమూనాను మనం పైనుంచే చూస్తాం కాబట్టి కెమెరా చూపు కనీసం 30 డిగ్రీలు కిందికి వంగాలి. 45 దాకా బాగుంటుంది. అలాగని నిట్టనిలువుగా కిందికి చూస్తూ తీస్తే నేలంతా ఒకే దూరంలో ఉంటుంది, ఇక మసకకి అర్థం ఉండదు. రెండు మూడో అంతస్తు బాల్కనీ చాలు. జూమ్ 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ పెట్టండి, ఆ సైజు లెన్స్ ఫోన్‌లో విడిగా ఉంటే మరీ మంచిది. అల్ట్రావైడ్ జోలికి వెళ్లొద్దు. అంచుల్లో భవనాలు పక్కకి సాగితే నమూనా అనే భ్రమ అక్కడే చెదిరిపోతుంది. ఫ్రేములో ఆకాశం అసలే వద్దు. విశాఖ కైలాసగిరి మీంచి బీచ్ రోడ్డు తీస్తే సముద్రం మీది దిగంతం ఫ్రేములోకి వచ్చేస్తుంటుంది. ఫోన్ కాస్త కిందికి వంచండి, లేదా తర్వాత క్రాప్ చేయండి.

ఎండ విషయంలో మామూలు ఫొటోగ్రఫీ సలహాకి ఇక్కడ సరిగ్గా ఉల్టా. సాయంత్రపు మెత్తని వెలుగు కాదు, నెత్తిమీది గట్టి ఎండ కావాలి. నమూనా మీద దీపం పెట్టినట్టు ప్రతి వస్తువు కిందా కురచ నీడ, దానికి గట్టి అంచు ఉండాలి. ఫోన్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా తగ్గించే మోడ్) ఆపే వీలుంటే ఆపేయండి, ఎందుకంటే అది ఆ నీడల్నే తేలిక చేస్తుంది. తెర మీద కాసేపు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుగు కొద్దిగా తగ్గించండి. తెల్లచొక్కాలు, టార్పాలిన్లు కాలిపోకుండా ఉంటాయి. కిటికీ అద్దం వెనక నుంచి తీసేటప్పుడు ఫోన్‌ని అద్దానికి ఆనించేయాలి, లేకపోతే గదిలోని ట్యూబులైటు కూడా ఫొటోలోకి వస్తుంది.

చార్మినార్ మొదటి అంతస్తు నుంచి ఉత్తరం వైపు చూపునే తీసుకుందాం. కింద తోపుడు బండ్లు, గొడుగులు, జనం, ఎదురుగా చార్‌కమాన్ తోరణాలు. మే నెలలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, బండి నీడ బండి కిందే పడుతుంది. ఈ ఎఫెక్ట్‌కి అంతకంటే మంచి వెలుగు దొరకదు. డిసెంబరు మధ్యాహ్నం అదే చోట నుంచి తీస్తే పని చెడుతుంది. సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగుతాడు, 56 మీటర్ల మినార్ల నీడ ఉత్తరం రోడ్డు మీద యాభై మీటర్ల దాకా పరుచుకుంటుంది, మనకి కావలసిన జనమంతా ఆ నీడలోనే ఉంటారు. చలికాలంలో తూర్పుకో పడమరకో తిరగడమే నయం.

ఇక టూల్ సంగతి. ఇక్కడ చెప్పేది ఆండ్రాయిడ్ 2వ వెర్షన్ ప్రకారం. ఐఫోన్‌లో 2025లో వచ్చిన 3.0 నుంచి తెర రూపం మారింది, బటన్ల చోట్లు వేరుగా ఉంటాయి. ముందుగా రొటేట్, క్రాప్ పనులన్నీ ముగించండి. లెన్స్ బ్లర్ అయ్యాక క్రాప్ చేస్తే పట్టీ నిష్పత్తి మారిపోతుంది. ఆ తర్వాత 'డీటెయిల్స్'లో స్ట్రక్చర్ 10 నుంచి 15 మధ్య పెట్టండి. మసక పడబోయే చోట అది ఎలాగూ కలిసిపోతుంది, పట్టీలో ఉన్న వస్తువులకి మాత్రం చెక్కినట్టు అంచులొస్తాయి. 30 దాటిస్తే రోడ్డు తారు మీద ఇసుక చల్లినట్టు అవుతుంది.

ఇప్పుడు లెన్స్ బ్లర్ తెరవండి. మామూలుగా గుండ్రటి ఆకారంలో తెరుచుకుంటే కింద ఉన్న గుర్తుతో గీతల ఆకారానికి మార్చండి. గుండ్రంది నేల దృశ్యానికి పనికిరాదు. నేల మీద దూరం గుండ్రంగా పెరగదు కదా. నడుమ ఉన్న చుక్కని లాగితే పట్టీ కదులుతుంది, రెండు వేళ్లతో పట్టీ మందం మారుతుంది, తిప్పితే తిరుగుతుంది. పట్టీ మందం ఫొటో ఎత్తులో ఆరో వంతు ఉంటే చాలు. ముఖ్యమైన వస్తువు పాదాలు, అంటే బండి చక్రాలు, మనిషి చెప్పులు నేలకి తాకే చోటు పట్టీలో పడాలి. తలలు కాదు, పాదాలు చూసుకుని పట్టీ పెట్టాలి. దూరాన్ని చెప్పేది నేలే.

తెర మీద వేలిని నిలువుగా జరిపితే మూడు సెట్టింగులు కనిపిస్తాయి, అడ్డంగా జరిపితే విలువ మారుతుంది. బ్లర్ స్ట్రెంత్ 40 నుంచి 60. ట్రాన్సిషన్, అంటే స్పష్టత మసకలోకి జారే వెడల్పు, 20 నుంచి 30. ఇది మరీ తక్కువైతే ఫొటో మీద కత్తితో కోసిన గీత కనిపిస్తుంది, మరీ ఎక్కువైతే కెమెరా ఫోకస్ తప్పిందేమో అనిపిస్తుంది. మూడోది విన్యెట్. దాన్ని సున్నా చేసేయండి. నడిఎండలో అంచులు నల్లబడడం ఏ నమూనాలోనూ ఉండదు. ఈ టూల్‌లో ఇది ఎందుకు కలిపారో కానీ, మినియేచర్ పనికి అడ్డమే.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు పట్టీని తిప్పడం. ఇంద్రకీలాద్రి ఎత్తు నుంచి ప్రకాశం బ్యారేజీ తీశారనుకోండి. 1957లో పూర్తయిన ఈ కట్టడం పొడవు 1,223 మీటర్లు. పక్క నుంచి చూస్తే అది ఫ్రేములో ఏటవాలుగా సాగిపోతుంది. చాలామంది పట్టీని బ్యారేజీ వెంట ఏటవాలుగా తిప్పేస్తారు, వంతెన అంతా స్పష్టంగా ఉండాలని. కానీ దగ్గరి గేటుకీ చివరి గేటుకీ మధ్య కిలోమీటరు తేడా ఉంది, రెండూ ఒకేలా స్పష్టంగా ఉంటే కన్ను నమ్మదు. 2010లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం సారం కూడా ఇదే: మసక, దృశ్యంలోని దూరం మారే దిక్కునే మారితే భ్రమ నిలుస్తుంది, అడ్డదిక్కున మారితే బలం పోతుంది. ఫోన్ పక్కకి వాలకుండా తీస్తే నేల మీద సమాన దూరంలో ఉన్నవన్నీ ఫొటోలో అడ్డగీత మీదే పడతాయి. కాబట్టి పట్టీ అడ్డంగానే ఉండాలి. బ్యారేజీలో ఒక ముక్క, దాని మీద రెండు ఆటోలు, ఒక లారీ స్పష్టంగా ఉంటే చాలు. మిగతాది రెండువైపులా కరిగిపోనివ్వండి.

రెండో తప్పు మనది కాదు, టూల్‌ది. లెన్స్ బ్లర్‌కి వస్తువుల లోతు తెలియదు, అది బల్లపరుపుగా పట్టీ వేస్తుంది, అంతే. పట్టీలో నిలబడ్డ కొబ్బరిచెట్టు మొదలు స్పష్టంగా ఉంటే మట్ట మసకలో మునిగిపోతుంది. నిజానికి రెండూ కెమెరాకి దాదాపు ఒకే దూరం. కరెంటు స్తంభం, గుడి ధ్వజస్తంభం, చార్‌కమాన్ తోరణం, అన్నిటికీ ఇదే గతి. ఇలాంటి ఫొటోల్లో మోసం బయటపడేది ఇక్కడే.

దీనికి విరుగుడు పైన కుడివైపు ఉన్న పొరల గుర్తులో ఉంది. 'వ్యూ ఎడిట్స్' నొక్కి, జాబితాలో లెన్స్ బ్లర్ పక్కనున్న బాణం నొక్కి, కుంచె గుర్తు ఎంచుకోండి. మసక అంతా మాయమైనట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు. కుంచెతో రుద్దిన చోటే ఎఫెక్ట్ రావడం దీని పద్ధతి. ముందు ఇన్వర్ట్ గుర్తు నొక్కితే మసక ఫొటో అంతటా తిరిగొస్తుంది. తర్వాత కుంచె విలువ 0కి దించి, చెట్టు మట్ట మీద, స్తంభం పైభాగం మీద రుద్దండి. అక్కడ మసక చెరిగిపోతుంది. కుంచె సైజు తెర మీద మారదు, కాబట్టి సన్నని పనికి రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేసుకోవాలి. అంచు చుట్టూ పచ్చటి పొగలాంటి అంచు మిగులుతుంది. చెట్టు రంగు మసకలోకి ఒలికిన ఫలితం అది. కుంచె విలువ 50 చేసి అంచు బయటిదాకా ఒకసారి తిప్పితే తగ్గుతుంది, పూర్తిగా పోదు. బ్లర్ స్ట్రెంత్ 60 దాటకుండా ఉంచమనడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో చిక్కు దీనికి ఉల్టా. ముందువరసలో మన దగ్గరగా ఉన్న గొడుగు కింద మసకలో మొదలై పై అంచు స్పష్టమైన పట్టీలోకి పొడుచుకొస్తుంది. చెరపడంతో ఇది పోదు. రెండోసారి లెన్స్ బ్లర్ తెరిచి, పట్టీని ఫొటో పై అంచుకి జరిపి, గొడుగు ఉన్న చోటు పూర్తిగా మసకలో పడేలా చేసి టిక్ కొట్టండి. మళ్లీ వ్యూ ఎడిట్స్‌లో ఆ రెండో అడుగు తెరిచి, ఈసారి ఇన్వర్ట్ చేయకుండా, 100 విలువతో గొడుగు మీద మాత్రమే రుద్దండి. ఓపిక కావాలి, కానీ ఫొటో నిలబడేది ఈ పనితోనే.

రంగులు చివర్లో. 'ట్యూన్ ఇమేజ్'లో శాచురేషన్ 25 నుంచి 40, కాంట్రాస్ట్ 10 నుంచి 15 పెంచండి. షాడోస్ ముట్టుకోవద్దు, నల్లటి నీడలే కావాలి. ఎరుపుని గమనించండి. ఆర్టీసీ బస్సు ఎరుపు, ఎర్ర చీర 40 దగ్గరే ముద్దైపోయి మడతలు కనిపించకుండా పోతాయి. అప్పుడు వ్యూ ఎడిట్స్‌లో ట్యూన్ ఇమేజ్ అడుగు తెరిచి, ఇన్వర్ట్ చేసి, కుంచెతో ఆ ఎరుపు మీద మాత్రం 50కి తగ్గించొచ్చు.

లోపాలు ఇంకా ఉన్నాయి. రాత్రి దీపాలు నిజం లెన్సులోలా గుండ్రటి వెలుగు బిళ్లలు కావు, పాలిపోయిన మచ్చలవుతాయి. అందుకే ఇది పగటి టూల్. వీడియోకి అసలు పనికిరాదు. వాహనాలు బొమ్మల్లా గబగబా కదిలే టైమ్‌ల్యాప్స్ కావాలంటే కెమెరాలోనే ఆ మోడ్ ఉన్న ఫోన్ కావాలి. 2021లో వచ్చిన రియల్‌మీ 8 ప్రో అలాంటిదే, ఫొటోకీ టైమ్‌ల్యాప్స్‌కీ టిల్ట్-షిఫ్ట్ మోడ్ ఉంది. అదే ఏడాది వన్‌ప్లస్ 9 సిరీస్‌లోనూ ఫొటోకి ఇచ్చారు. కానీ కెమెరాలో వేసిన పట్టీ ఫొటోలో కలిసిపోతుంది, చెట్టు మట్టని వెనక్కి తెచ్చుకోలేం. ఫొటో వరకైతే మామూలుగా తీసి స్నాప్‌సీడ్‌కి తీసుకురావడమే మేలు. పోర్ట్రెయిట్ మోడ్‌తో ప్రయత్నించొద్దు. అది దగ్గరి మనిషిని వెనకటి గోడ నుంచి విడదీయడానికి చేసింది, ముప్పై మీటర్ల అవతలి వీధిలో దానికి తేడా తెలియదు.

దాచుకునేటప్పుడు సెట్టింగ్స్‌లో ఇమేజ్ సైజింగ్ 'డు నాట్ రీసైజ్' మీద, క్వాలిటీ జేపీజీ 95 శాతం మీద ఉండేలా చూసుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదింపులో మొదట దెబ్బతినేది ఆ సన్నని స్పష్టమైన పట్టీయే, కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి.