వర్డ్‌ప్రెస్ టూల్‌కిట్ స్టేజింగ్: పీహెచ్‌పీ మార్చే ముందు దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు

హోస్టింగ్ ఖాతాను నడిపే సీప్యానెల్‌లోని వర్డ్‌ప్రెస్ టూల్‌కిట్‌ను చాలాకాలంగా వాడుతున్నాను, ఎక్కువగా తెలుగు సైట్లను పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) 7.4 నుంచి 8 వరసకు మార్చే పనుల్లో. 7.4కు భద్రతా సవరణలు 2022 నవంబరులోనే ఆగిపోయాయి కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. క్లోన్, అంటే సైట్‌కు పూర్తి నకలు, తీయడానికి ఈ టూల్ చాలా బాగుంటుంది. స్టేజింగ్‌లోని (ఆ నకలుతో పరీక్షించే చోటులోని) డేటాబేస్‌ను తిరిగి లైవ్ (జనం చూసే అసలు సైట్) మీదకు తోయడానికి మాత్రం వాడొద్దు.

క్లోన్ నొక్కి సబ్‌డొమైన్ ఇస్తే ఫైళ్లు, డేటాబేస్ కాపీ అయి లోపలి చిరునామాలు కూడా మారతాయి. ఈ చివరిదే అసలు విలువైన సాయం. సీరియలైజ్ చేసిన (సెట్టింగులను ఒకే వరుసగా కలిపి దాచిన) డేటాలో ప్రతి స్ట్రింగ్ (అక్షరాల వరుస) పక్కన దాని పొడవు ఉంటుంది. మామూలు ఫైండ్-రీప్లేస్‌తో చిరునామా మారిస్తే ఆ అంకె సరిపోక విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు ఎగిరిపోతాయి. అప్‌లోడ్స్ ఫోల్డర్ కూడా రెండింతలవుతుంది కనుక డిస్క్ కోటా ముందే చూసుకోవాలి.

తర్వాత సీప్యానెల్‌లోని మల్టీపీహెచ్‌పీ మేనేజర్‌లో ఆ సబ్‌డొమైన్‌కు మాత్రమే పీహెచ్‌పీ 8.3 పెట్టాలి. పెట్టగానే మారిందనుకోవద్దు. లైవ్ సైట్ హెచ్‌టీయాక్సెస్ (సర్వర్ సెట్టింగుల ఫైలు)లో ఎవరో చేత్తో రాసిన, పీహెచ్‌పీ వెర్షన్‌ను నిర్ణయించే హ్యాండ్లర్ లైను ఉంటే అదీ కాపీ అయి, స్టేజింగ్ పాత వెర్షన్‌లోనే నడవొచ్చు. అప్పుడు పరీక్షంతా వృథా. వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌లోని సైట్ హెల్త్‌లో ఇన్ఫో తెరిచి, సర్వర్ విభాగంలో వెర్షన్ చూశాకే ముందుకెళ్లాలి.

క్లోన్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. దానివల్ల సైట్ హెల్త్‌లో లూప్‌బ్యాక్ ఎర్రర్ (సైట్ తనను తాను పిలుచుకోలేకపోవడం) కనిపిస్తే ఆ తప్పు పీహెచ్‌పీది కాదు. మెయిళ్లు, క్రాన్ (వేళకు తనంతట నడిచే పనులు) ఆపి, పేమెంట్ గేట్‌వేకు టెస్ట్ కీలు పెట్టండి. లేకపోతే నిజమైన కస్టమర్లకు రెండోసారి మెయిళ్లు వెళ్తాయి.

డీబగ్ లాగ్ (ఎర్రర్లు రాసే ఫైలు) ఆన్ చేసి, వాటిని తెరమీద చూపించడం ఆపేయాలి. లాగ్ ఫైలు పబ్లిక్ ఫోల్డర్ బయట ఉండాలి. ముందు ఫ్యాటల్ ఎర్రర్లు, అంటే పేజీని ఆపేసేవి, చూడండి. పాత కోడ్‌లో కనిపించే క్రియేట్_ఫంక్షన్, ఈచ్ అనే ఫంక్షన్లు రెండూ పీహెచ్‌పీ 8.0లో తీసేశారు. నల్ (ఖాళీ విలువ) మీద కౌంట్ ఫంక్షన్ వాడితే గతంలో హెచ్చరికతో సరిపోయేది, ఇప్పుడు పేజీ ఆగిపోతుంది. డెప్రికేటెడ్ సందేశాలు (త్వరలో పోయే పాత పద్ధతుల గురించిన హెచ్చరికలు) తర్వాత చూసుకోవచ్చు. కానీ అవి తెరమీదకు వస్తే ఎడిటర్‌కు సర్వర్ పంపే జేసన్ జవాబు చెడిపోయి ఎడిటర్‌లో పోస్టు సేవ్ కాదు.

తెలుగు సైట్లలో నేను ఎక్కువసేపు చూసేది ఎంబీస్ట్రింగ్, అంటే అక్షరాలను బైట్లుగా కాక అక్షరాలుగా లెక్కపెట్టే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్. కొత్త వెర్షన్‌కు ఎక్స్‌టెన్షన్ల జాబితా వేరుగా ఉంటుంది. అందులో ఇది లేకపోతే కొన్ని థీములు పాఠాన్ని కోయడానికి మామూలు సబ్‌స్ట్ర్ ఫంక్షన్‌కు దిగిపోతాయి. అది బైట్ల లెక్కన కోస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తు 3 బైట్లు కాబట్టి హోమ్‌పేజీలో వార్తల సంక్షిప్తాల చివర నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. లాగ్‌లో మాత్రం ఏ ఎర్రరూ ఉండదు. అందుకే హోమ్‌పేజీ, కేటగిరీ, సెర్చ్ ఫలితాలు కళ్లతో చూడాల్సిందే. పెద్ద మెనూ ఒకటి సేవ్ చేసి కూడా చూడండి: ఒక ఫారంలో ఎన్ని విలువలు తీసుకోవాలో చెప్పే మాక్స్_ఇన్‌పుట్_వార్స్ డీఫాల్ట్ 1000కి పడిపోతే చివరి ఐటెమ్‌లు చప్పుడు చేయకుండా పోతాయి.

ఈ స్టేజింగ్‌తో తేలనిది డేటాబేస్ సర్వర్ అప్‌గ్రేడ్. క్లోన్, లైవ్ రెండూ ఒకే మైఎస్‌క్యూఎల్ మీద ఉంటాయి కనుక 5.7 నుంచి 8.0కు మారితే ఏమవుతుందో ఇక్కడ తెలియదు. పాత సైట్లలో లాటిన్1 (యూరోపియన్ అక్షరాలకే సరిపోయే ఎన్‌కోడింగ్) టేబుళ్లలో తెలుగు దాచి ఉంటే ప్రమాదం అక్కడే. డేటాబేస్‌ను చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో బాగా పాత పోస్టు ఒకటి తెరవండి. సైట్‌లో తెలుగు, అక్కడ పిచ్చి లాటిన్ అక్షరాలు కనిపిస్తే సర్వర్ మార్చేముందు ఆ డేటాను యూటీఎఫ్8ఎంబీ4 (తెలుగుకు సరిపోయే ఎన్‌కోడింగ్)కు సరిదిద్దాలి. ఇలాంటి మార్పులకు కొత్త సర్వర్‌లో కాపీ పెట్టి, మీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్‌లో (ఏ సైట్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఫైలు) కొత్త ఐపీ రాసి చూడటమే సరైన దారి.

ఇక కాపీ డేటా. స్టేజింగ్‌లోని పూర్తి డేటాబేస్‌ను లైవ్‌కు పంపితే క్లోన్ తీశాక వచ్చిన ఆర్డర్లు, వ్యాఖ్యలు తుడిచిపెట్టుకుపోతాయి. పీహెచ్‌పీ మార్పుకు దాని అవసరమే లేదు. ప్లగిన్లు, థీమ్ లైవ్‌లోనే అప్‌డేట్ చేసి, బ్యాకప్ తీసి, రద్దీ లేని వేళలో వెర్షన్ మార్చండి. తేడా వస్తే అదే మెనూలో పాత వెర్షన్‌కు తిరిగి రావచ్చు. క్రాన్ పనులు కమాండ్ లైన్ పీహెచ్‌పీతో నడుస్తుంటే వాటి వెర్షన్ వేరే చోట మార్చాలి. పని అయ్యాక క్లోన్‌ను డేటాబేస్‌తో సహా తీసేయండి. దాని ప్లగిన్లను ఎవరూ అప్‌డేట్ చేయరు, అదేమో మీ ఖాతాలోనే కూర్చుని ఉంటుంది.